సింకు కింద కారే గొట్టం: మలయాళ సినిమాల సమీక్ష గురించి

సంపాదకులకు నమస్కారం.

మలయాళం నుంచి తెలుగులోకి వస్తున్న సామాజిక చిత్రాలకు మన పత్రికల సినిమా పేజీల్లో వస్తున్న సమీక్షల గురించి ఈ ఉత్తరం. అవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. ముందు కథ, తర్వాత నటీనటులు, ఆ తర్వాత సాంకేతిక వర్గం, ఆపైన ప్లస్‌లు, మైనస్‌లు, చివర ఐదుకు మూడో, రెండుంపావో. ప్లస్‌లో ‘మంచి సందేశం, సహజమైన నటన’ అని ఉంటుంది. మైనస్‌లో ‘నెమ్మదిగా సాగే కథనం, సెకండాఫ్‌లో ల్యాగ్’ అని ఉంటుంది. సినిమా పేరు చెరిపేసి చదివితే దేని గురించి రాశారో పోల్చుకోలేం.

చిత్తూరు, తిరుపతి జిల్లాలకు పక్క భాష సినిమా కొత్త కాదు. నగరి, సత్యవేడు, చిత్తూరు వైపు తమిళ సినిమాను తమిళంలోనే చూసేవాళ్లు, పలమనేరు, కుప్పం వైపు కన్నడం వచ్చినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. మలయాళం మాత్రం ఆలస్యంగా వచ్చింది. ‘2018’, ‘ప్రేమలు’, ‘మంజుమ్మల్ బాయ్స్’ డబ్బింగై హాళ్లలో ఆడాక, అంతకంటే ఎక్కువగా ఓటీటీల్లో తెలుగు ఆడియో దొరకడం మొదలయ్యాక ఇంట్లోకే వచ్చేసింది. చూసేవాళ్లు ఇంతమంది పెరిగారు. సమీక్షలు మాత్రం శుక్రవారం విడుదలయ్యే మాస్ సినిమాను తూచే రాళ్లతోనే వీటినీ తూస్తున్నాయి. ఆ రాళ్లు ఈ సరుకుకు పనికిరావు. ఎందుకు పనికిరావో, ఏవి పనికొస్తాయో వివరంగా చెప్పాలనే ఇంత పొడుగు ఉత్తరం.

‘నెమ్మది’ అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. జియో బేబీ తీసిన ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ 2021 జనవరిలో వచ్చింది. నిడివి సుమారు 100 నిమిషాలు, మన సినిమాల్లో పొట్టిది కిందే లెక్క. అందులో పాత్రలకు పేర్లు లేవు: భార్య, భర్త, మామగారు, అత్తగారు, అంతే. కూరగాయలు తరగడం, రుబ్బడం, వడ్డించడం, ఎంగిలి ఎత్తడం, బల్ల తుడవడం, గిన్నెలు తోమడం, గచ్చు ఊడ్వడం, తెల్లారితే మళ్లీ తరగడం. మామగారు అన్నం కట్టెల పొయ్యి మీదే వండమంటాడు. పచ్చడి మిక్సీలో వేస్తే నాలుక మీద పెట్టగానే పసిగడతాడు. బట్టలు మెషీన్‌లో వేస్తే పాడైపోతాయంటాడు. ఒక్కసారీ గొంతు పెంచడు. ఆ మెత్తదనమే ఆ పాత్రలోని బలం. ఊరిబిండి (పచ్చడి) రోట్లో నూరితేనే రుచి అనే ఇళ్లు మన దగ్గరా బోలెడున్నాయి. ఆ రోలు ముందు ఎవరు కూర్చోవాలన్నది ఆ మాటలో వినబడదు. సినిమా వినిపించేది దాన్నే.

ఆ వంటింట్లో సింకు కింద గొట్టం కారుతుంది. ప్లంబరును పిలవమని భార్య చెబుతుంది, భర్త మరిచిపోతాడు. మళ్లీ చెబుతుంది, మళ్లీ మరిచిపోతాడు. ఆమె కింద బకెట్ పెడుతుంది, గోనెపట్టా పరుస్తుంది. మురుగు కంపు చేతులకు పట్టుకుంటుంది, రాత్రి పడకగదిలోకి కూడా వెంట వస్తుంది. చివరకు ఆ బకెట్‌లో నీళ్లు ఏమవుతాయో చూసినవాళ్లకు తెలుసు. కథ మొత్తం ఆ గొట్టం వెంట నడుస్తుంది: మొదట అది మరమ్మతు, తర్వాత మతిమరుపు, ఆ తర్వాత అలవాటు, ఆఖరున కోపం. ‘వంటింట్లో స్త్రీ పడే కష్టాన్ని చూపించారు’ అని రాసి వదిలేసే సమీక్షకు ఈ గొట్టం కనబడలేదని అర్థం.

ల్యాగ్ ఉందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. తెర మీద ఒకే పని మళ్లీ వచ్చినప్పుడు ఏం మారిందో చూడాలి. మొదటిసారి, మూడోసారి, ఆరోసారి: కెమెరా దగ్గరకు జరిగిందా, షాటు పొట్టిదైందా, ఆమె ముఖం చూపిస్తున్నారా లేక చేతులు మాత్రమేనా, పక్కన సాయానికి ఉన్న మనిషి ఇప్పుడుందా. ఈ సినిమాలో అత్తగారు కూతురి కాన్పు పనికి వెళ్లిపోయాక వంటింట్లో రెండు చేతులు మిగులుతాయి, పని మాత్రం నాలుగు చేతులంత ఉంటుంది. మళ్లీ చూపించిన ప్రతిసారీ ఇలా ఏదో ఒకటి మారితే అది కథనమే. ఏదీ మారకుండా సాగదీస్తే అప్పుడు ల్యాగ్ అని రాయండి, ఎక్కడో కూడా చెప్పండి. ఇంకొకటి, ఈ సినిమాలో చాలాసేపు నేపథ్య సంగీతం ఉండదు. కత్తిపీట చప్పుడు, తిరగమోత, కుళాయి నీళ్లు, ఇవే సంగీతం. ఫోన్ స్పీకర్‌లో చూసి సమీక్ష రాస్తే సగం సినిమా చూడనట్టే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి.

చివరి భాగం అయ్యప్ప దీక్షాకాలంలో జరుగుతుంది. కార్తీకం వస్తే తిరుపతి వీధుల్లో నల్లబట్టలు కనబడని రోజు ఉండదు. మండల దీక్ష, విడిగా వంట, చాప మీద పడక, బహిష్టైన ఆడవాళ్లు ఎదురుపడకుండా జాగ్రత్తలు, ఇవి మనవాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది కాలం గురించి. శబరిమలలో అన్ని వయసుల స్త్రీలకూ ప్రవేశం ఉండాలని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 28న తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కేరళలో చెలరేగిన వాదం ఈ ఇంటి గోడల దాకా వస్తుంది. ఈ ఒక్క వాక్యం సమీక్షలో లేకపోతే, చూసేవాళ్లు ఆ భాగాన్ని ఎవరి భక్తినో ఎగతాళి చేయడంగా తీసుకునే ప్రమాదం ఉంది. అలా తీసుకుని సినిమా మధ్యలో ఆపేసినవాళ్లు ఉంటే ఆ తప్పు పూర్తిగా వాళ్లది కాదు.

ఆనంద్ ఏకర్షి తీసిన ‘ఆట్టం’ విషయంలో ఇంకో రకం పొరపాటు జరుగుతోంది. 2024 ఆగస్టులో ప్రకటించిన 70వ జాతీయ అవార్డుల్లో అది ఉత్తమ చిత్రం. స్క్రీన్‌ప్లేకూ ఎడిటింగ్‌కూ కూడా దానికే వచ్చాయి. ఒక నాటక బృందంలో పన్నెండు మంది మగవాళ్లు, ఒక్క ఆడమనిషి అంజలి. ఒక రాత్రి విందు తర్వాత ఆమె మీద జరిగిన దౌర్జన్యం గురించి తేల్చడానికి బృందంలోని మగవాళ్లు కూర్చుంటారు. దీన్ని ‘సస్పెన్స్ థ్రిల్లర్’ అని రాసేసి, ‘ఎవరు చేశారన్నదే మిగతా కథ’ అని ముగిస్తే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టే. అలా నమ్మి చూసినవాడు ఆఖర్లో మోసపోయానంటాడు.

ఈ సినిమా చూసేటప్పుడు ఒక కాగితం పక్కన పెట్టుకోవాలి. సమావేశంలో ఎవరు ఏ మాట అన్నారో, ఆ మాట ఎప్పుడు మార్చారో రాసుకోవాలి. మొదట ‘అతణ్ణి తీసేయాలి’ అన్నవాడు డబ్బు, విదేశీ ప్రదర్శనల అవకాశం ముందుకొచ్చాక ఏ పదంతో వెనక్కి తగ్గాడు? ‘రుజువేది’ అన్న ప్రశ్న ఎన్నో నిమిషంలో మొదటిసారి వచ్చింది? ఆమెను గదిలోకి పిలిచింది ఎప్పుడు, అప్పటిదాకా ఆమె గురించి ఎంతసేపు మాట్లాడారు? ఇవి రాసుకుంటే ఎడిటింగ్‌కు అవార్డు ఎందుకిచ్చారో తెలుస్తుంది. ఒక్క ఇంట్లో, కుర్చీల మధ్య, ఇన్ని మనసులు ఒక్కొక్కటిగా జారిపోవడాన్ని తెగకుండా చూపించడం చాలా కష్టమైన పని.

మన జిల్లాలో ఈ సినిమాకు పాఠకుణ్ణి సిద్ధం చేయడం మరీ తేలిక. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరిగే పల్లెలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు మట్టితో పోసిన దుర్యోధనుడి వధ. అందులో వస్త్రాపహరణం నాటి రాత్రి జనం నిద్రపోరు. నిండు సభలో ద్రౌపది ఒక ప్రశ్న అడుగుతుంది: తన్ను తాను ఓడిపోయిన మనిషికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? పెద్దలు ధర్మసూక్ష్మం అంటారు, తలలు దించుకుంటారు. జవాబు మాత్రం ఇవ్వరు. ‘ఆట్టం’లో ఆ మగవాళ్లు కూర్చున్నది అదే సభలో. సమీక్షకుడు ఈ మాట అంటే చిత్తూరు పాఠకుడికి సినిమా చేతికందుతుంది.

భారతం మాటొచ్చింది కనుక ‘పుళు’ గురించి కూడా చెప్పాలి. రతీనా దర్శకత్వంలో 2022లో వచ్చింది. ‘పుళు’ అంటే పురుగు. మమ్ముట్టి వేసిన కుట్టన్ అగ్రకులంలో పుట్టిన పోలీసు అధికారి. కొడుకును ప్రేమ పేరుతో ఊపిరాడకుండా పెంచుతుంటాడు. తోడబుట్టిన భారతి, దళితుడైన నాటక నటుడు కుట్టప్పన్‌ను పెళ్లాడిందని ఆమెను దూరం పెడతాడు. కుట్టప్పన్ ఆడే నాటకం తక్షకుడి కథ. శాపం తెలిసిన పరీక్షిత్తు చుట్టూ కాపలా పెట్టుకుని భద్రంగా కూర్చుంటే, తక్షకుడు పండులో పురుగై లోపలికి వస్తాడు. ఎన్ని తలుపులు మూసుకున్నా చావు లోపలి నుంచే వస్తుందన్న ఆ కథే సినిమాకు పేరు పెట్టింది. మలయాళం ఒక్క ముక్క రాకపోయినా, పరీక్షిత్తు కథ తెలిసిన మన ప్రేక్షకుడికి ఇది అరక్షణంలో అర్థమవుతుంది. అర్థమయ్యేలా చెప్పేవాళ్లుంటే.

ఇక డబ్బింగ్. సమీక్షల్లో దీనికి ఒక్క వాక్యం దక్కడం లేదు, దక్కినా ‘డబ్బింగ్ బాగుంది’ అనే ఉంటుంది. అసలు నష్టం జరిగేది ఇక్కడే. మలయాళంలో వరస చెప్పే పిలుపులోనే మనిషి మతం, ప్రాంతం, ఒక్కోసారి కులం తెలిసిపోతాయి. అన్నను, పెద్దవాణ్ణి చేట్టన్ అంటే ఒకటి, ఇక్క అంటే ముస్లిం ఇల్లు, అచ్చాయన్ అంటే మధ్య కేరళ క్రైస్తవ ఇల్లు. తండ్రి అచ్ఛనా, అప్పచ్చనా, చాచ్చనా, ఉప్పానా అన్నదాన్ని బట్టి ఏ ఇంట్లో ఉన్నామో అక్కడి ప్రేక్షకుడికి మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. తెలుగు డబ్బింగ్‌లో ఇవన్నీ ‘అన్నా’, ‘నాన్నా’ అయిపోతాయి. కులం గురించీ మతం గురించీ తీసిన సినిమాలో కులమూ మతమూ తెలిపే గుర్తులే చెరిగిపోతాయి. మన మదనపల్లెలో ముస్లిం కుటుంబం కథ తీసి అమ్మీ, అబ్బా అనే పిలుపులన్నీ తీసేస్తే ఎంత వెలితిగా ఉంటుందో ఇదీ అంతే.

యాసలదీ అదే గతి. త్రిస్సూరు మాట, కొచ్చి మాట, మలబారు మాట అక్కడ వినగానే వేరు తెలుస్తాయి. తెలుగులో అన్నింటికీ ఒకే స్టూడియో భాష. ‘ఉండాది’, ‘పోతా ఉండా’ అనే మన యాసను తెలుగు సినిమా చాలాకాలం నవ్వించడానికో, బాంబులు విసిరేవాడికో మాత్రమే వాడుకుంది. ఆ బాధ ఎరిగిన మనం డబ్బింగ్‌లో యాస చచ్చిపోవడాన్ని ఇంకాస్త శ్రద్ధగా పట్టించుకోవాలి.

సమీక్షకుడు చేయగలిగిన పని చిన్నదే. తెలుగులో ఒకసారి పూర్తిగా చూశాక, ముఖ్యమైన ఇరవై నిమిషాలు మలయాళం ఆడియోలో సబ్‌టైటిళ్లతో మళ్లీ చూడాలి. మనకు తెలిసిన తమిళం సాయంతో సగం మాటలు చెవికి అందుతాయి. పిలుపులు, ఇంటి పేర్లు, తిట్లు, ఈ మూడూ పోల్చి చూస్తే చాలు, డబ్బింగ్ ఏం మింగిందో తెలిసిపోతుంది. పేరు అర్థం కూడా కనుక్కోవాలి. తరుణ్ మూర్తి తీసిన ‘సౌదీ వెల్లక్క’ పేరు చూసి ఇది గల్ఫ్ కథ అనుకునేవాళ్లు మన దగ్గర ఎందరో ఉంటారు. సౌదీ కొచ్చిలో ఒక పేట పేరు. వెల్లక్క అంటే కొబ్బరి పిందె. పిల్లల ఆటలో పుట్టిన చిన్న తగాదా కేసై, ఒక ముసలామెను ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కించే కథ అది. 70వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ మలయాళ చిత్రం. కోర్టు బయట చెట్టు కింద వాయిదా కోసం ఎదురుచూసే మనుషులు చిత్తూరులోనూ ఉన్నారు, మదనపల్లెలోనూ ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా ఈ సినిమా చేరాలంటే పేరు దగ్గరే ఆగిపోకూడదు.

కోర్టు ఉన్న సినిమాకు చట్టం చెప్పడం సమీక్షలో భాగమే. జియో బేబీదే ‘కాదల్: ది కోర్’. మమ్ముట్టి సొంత సంస్థ నిర్మించింది, 2023 నవంబరు 23న విడుదలైంది. పంచాయతీ ఉప ఎన్నికలో నిలబడిన మాథ్యూ మీద భార్య ఓమన విడాకుల కేసు వేస్తుంది. ఆయన స్వలింగ ప్రేమికుడని కారణం చూపుతుంది. ప్రాప్తవయస్కుల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న చెప్పింది. సినిమా విడుదల ఆ రెండో తీర్పుకు ఐదు వారాల తర్వాత. క్రైస్తవ దంపతులు కనుక వాళ్లకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. ఈ నాలుగు విషయాలు తెలిస్తే ఓమన వేసిన అడుగు ఎంత పెద్దదో, ఎంత లెక్కగా వేసిందో తెలుస్తుంది. ‘మమ్ముట్టి ధైర్యం చేశాడు’ అని మాత్రమే రాస్తే ఓమనకు అన్యాయం జరుగుతుంది. జ్యోతిక వేసిన ఆ ఓమన పాత్ర నోటితో చెప్పేది తక్కువ. సంతకం పెట్టిన చెయ్యి ఆమెది.

‘జయ జయ జయ జయహే’ దీనికి పూర్తిగా వేరు. విపిన్ దాస్ తీసిన ఈ 2022 సినిమాలో భర్త కొడతాడు, తర్వాత క్షమించమని బయటికి తీసుకెళ్లి తినిపిస్తాడు, మళ్లీ కొడతాడు. రోజూ టిఫిన్‌కు ఇడియప్పమే కావాలంటాడు. జయ వీడియోలు చూసి దెబ్బలు కాచుకోవడం నేర్చుకుని తిరగబడుతుంది. హాల్లో చప్పట్లు మోగుతాయి. సినిమా బాగుంటుంది, కొట్టడం, బతిమాలడం అనే చక్రాన్ని అంత సరిగ్గా చూపిన వినోద చిత్రం ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు. అయినా సమీక్షలో ఒక మాట ఉండాలి. దెబ్బకు దెబ్బ తెర మీదే సాగుతుంది. బయట కావలసింది 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, నివాస హక్కు, మనోవర్తి. మహిళా హెల్ప్‌లైన్ 181. భార్యను హింసించే నేరానికి జనం నోట ఇంకా 498ఎ అనే వినబడుతోంది. 2024 జూలై 1 నుంచి ఆ నేరం భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్ల కింద ఉంది. సమీక్ష పక్కన చిన్న పెట్టెలో ఇది వేస్తే పత్రిక చేసే మేలు సినిమాను దాటి వెళుతుంది. ఒక లాయరుకు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో దొరికే సమాచారం ఇది.

భూమి విషయంలోనూ ఇంతే. కమల్ కె.ఎం. తీసిన ‘పడ’ 1996లో పాలక్కాడ్ కలెక్టరును ఆయన కార్యాలయంలోనే నలుగురు బందీ చేసిన అసలు సంఘటన మీద తీసినది. గిరిజనుల నుంచి అన్యాక్రాంతమైన భూములు తిరిగి ఇప్పించాలని కేరళ 1975లో చట్టం చేసుకుంది, అమలు చేయలేదు, 1996లో దాన్ని నీరుగార్చే సవరణ తెచ్చింది. ఆ కోపం నుంచి పుట్టిన పని అది. తెలుగువాళ్లకు 1/70 (ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం) అంటే చాలు విషయం తెలుస్తుంది. అయితే మన జిల్లాల్లో ఏజెన్సీ లేదు, యానాదులకు 1/70 వర్తించదు. ఇక్కడ వాళ్ల చేతిలో ఉండేది డీకేటీ పట్టా, అంటే భూమి లేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా. అది 1977 అసైన్డ్ భూముల చట్టం కిందికి వస్తుంది. చేతులు మారిన డీకేటీ భూమి కథ తెలియని మండలం ఇక్కడ లేదు. ‘పడ’ను ‘ఉత్కంఠ రేపే పొలిటికల్ థ్రిల్లర్’ అని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

బ్లెస్సీ తీసిన ‘ఆడుజీవితం’ 2024 మార్చి 28న తెలుగులోనూ వచ్చింది. బెన్యామిన్ 2008 నవల ఆధారం. పృథ్వీరాజ్ ఒళ్లు తగ్గించుకున్న సంగతి అన్ని సమీక్షల్లోనూ ఉంది. నజీబ్ ఎడారిలో ఎలా చిక్కాడన్నది మాత్రం వివరంగా లేదు. విమానం దిగి తనకోసం ఎవరూ రాక, తన కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) ఎవరో తెలియక, ఎవడో పాస్‌పోర్టు తీసుకుని బండెక్కమంటే ఎక్కి వెళ్లాడు. అక్కడ జరిగిన తప్పు అదే. రాయచోటి, రాజంపేట, పీలేరు, మదనపల్లె వైపు కువైట్‌కు మనుషుల్ని పంపని ఊరు అరుదు. ఫ్రీ వీసా, అకామా, కఫీల్ అన్న మాటలు అక్కడ ముసలివాళ్లకూ తెలుసు. ఇలాంటి సినిమా సమీక్ష పక్కన నాలుగు ముక్కలు ఉండాలి: పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) కోవలోకి వస్తుందని, ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలని, లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30,000 రూపాయలూ దాని మీద జీఎస్టీయేనని, విజిట్ వీసా మీద పనికి వెళితే ఏ రక్షణా ఉండదని. సినిమా చూసి ఏడ్చినవాడికి ఆ రాత్రే ఈ సమాచారం కావాలి.

వరదల సినిమాలు రెండున్నాయి, వాటిని ఒకే గాటన కట్టకూడదు. ‘2018’ జనం ఒకరినొకరు కాపాడుకున్న కథ. 2021 నవంబరులో తిరుపతి మునిగి, రాయలచెరువు కట్ట నిలుస్తుందా లేదా అని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసిన మనకు అది సొంత కథలాగే ఉంటుంది. డ్యాముల్లో నీటిని ఎప్పుడు వదలాలి, ఎంత ఖాళీ ఉంచాలి అన్న చేదు ప్రశ్న దగ్గర మాత్రం సినిమా ఎక్కువసేపు నిలబడదు. సమీక్ష అది అడగాలి. క్రిస్టో టోమీ తీసిన ‘ఉళ్ళొళుక్కు’లో వరద నేపథ్యం కాదు, ఒక పాత్ర. కుట్టనాడులో సముద్రమట్టానికి దిగువన వరి పండిస్తారు. వరద తగ్గకపోతే సమాధి చేయడానికి నేల ఉండదు. ఇంట్లో శవం, ముంగిట్లో నీళ్లు, అత్తాకోడళ్ల మధ్య దాచిన నిజాలు. ఉళ్ళొళుక్కు అంటే పైకి కనబడని లోపలి ప్రవాహం. ప్రతి దృశ్యంలో నీళ్లు ఏ మెట్టు వరకు ఉన్నాయో చూస్తూ ఉండండి, ఎవరి నిజం ఎప్పుడు బయటపడుతుందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఊర్వశికి జాతీయ అవార్డు వచ్చింది నిజమే, అది సమీక్షలో మొదటి వాక్యం కానక్కర్లేదు.

మలయాళ సినిమా అనగానే చేతులు జోడించేయడం కూడా సమీక్ష కాదు. ‘నాయాట్టు’ 2021లో వచ్చింది, తెలుగులో 2023లో ‘కోటబొమ్మాళి పీఎస్’ అయింది. ఎన్నికల ముందు ఒక దళిత యువకుడు చనిపోయాక ముగ్గురు పోలీసులు తమ శాఖ నుంచే పారిపోయే కథ. పట్టుగా ఉంటుంది. కానీ ఆ యువకుడి దళిత సంఘాన్ని గొడవల గుంపుగా చూపారని కేరళలోనే గట్టి విమర్శ వచ్చింది. కారంచేడు 1985, చుండూరు 1991 దళిత ఊచకోతలు చూసిన నేలలో, ఆ రెంటి మధ్య 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిన దేశంలో, ఈ ప్రశ్న అడగకుండా స్క్రీన్‌ప్లే బిగువును మాత్రమే పొగడడం సరికాదు. వంటింటి సినిమా మీదా ఒక మాట చెల్లుతుంది. ఆ ఇంట్లో పాచిపనికి వచ్చే ఆమెకు కెమెరా ఎంత సమయమిచ్చిందో గడియారం పెట్టి చూడండి. ముస్లిం గృహిణి ఒక పరుపు మార్చుకోవడానికి పడే పాట్లను ఫాసిల్ ముహమ్మద్ ‘ఫెమినిచి ఫాతిమా’లో చూపాక, ఆ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తోంది.

తెర మీద ఇంత చెప్పిన పరిశ్రమ తెర వెనక ఎలా ఉందో హేమ కమిటీ నివేదికలో ఉంది. మలయాళ సినీ రంగంలో స్త్రీల పరిస్థితి తెలుసుకోవడానికి కేరళ ప్రభుత్వం 2017లో వేసిన కమిటీ 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. కొన్ని భాగాలు తీసేసి దాన్ని బయటపెట్టింది 2024 ఆగస్టు 19న. షూటింగ్ స్పాట్లలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు కూడా లేని సంగతి అందులో ఉంది. ‘ఆట్టం’ సమీక్షలో ఈ నివేదిక పేరు లేకపోతే అది లోటే.

సంపాదకుల నుంచి కోరేవి కొన్నే. ఈ తరహా సినిమాలకు విడుదల రోజే మూడు వందల మాటల్లో చుట్టేయకుండా, ఆదివారం నాడు ఏడెనిమిది వందల మాటలకు చోటివ్వండి. నక్షత్రాలు వేయకండి, ‘పుళు’కూ పాటలున్న పండగ సినిమాకూ ఒకే కొలత పనికిరాదు. చివరి ముప్పై నిమిషాల కథ రాయవద్దని సమీక్షకులకు చెప్పండి. చట్టం, పథకం, హెల్ప్‌లైన్ ఉన్న చోట యాభై మాటల పెట్టె కట్టండి, ఆ పెట్టెను సంబంధిత వృత్తిలో ఉన్నవాళ్లకు ఒకసారి చూపించాకే అచ్చుకు పంపండి. నటీనటుల పట్టికలో డబ్బింగ్ మాటలు రాసినవారి పేరు తప్పకుండా వేయండి. ఓటీటీలో ఆ పేరు చివరన, అక్షరాలు పరుగులు తీసే చోట ఉంటుంది, అక్కడ ఆపి చూసి రాసుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తిరుపతి